మీ విలన్ దగ్గర ఒక బాకీ పుస్తకం ఉండాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నవల 18 అధ్యాయాలు పూర్తయింది. అమ్మానాన్నలు పోయిన పిల్లని ఏడో ఏట బాబాయి తన ఇంటికి తెచ్చుకుని పెంచాడు. ఆమెకి 18 నిండగానే వాళ్ళ నాన్న ఇంటిని తన పేరు మీదకి రాయించుకుంటాడు. చదివినవాళ్ళంతా "బాబాయి అట్టబొమ్మలా ఉన్నాడు" అన్నారు. దాంతో మీరు ఒక అధ్యాయం నిండా ఫ్లాష్‌బ్యాక్ పెట్టారు. చిన్నప్పుడు తండ్రి అతన్ని బెల్టుతో కొట్టేవాడు, అన్నని మాత్రం నెత్తిన పెట్టుకునేవాడు. అయినా చదివినవాళ్ళ మాట మారలేదు. విలన్‌ని నమ్మించేది ఎలా అని అడుగుతున్నారు.

నేను పాతికేళ్ళుగా కథలూ నవలలూ రాస్తున్నాను. కొత్తవాళ్ళ రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పడం కూడా నా పనిలో భాగం. మీరు ప్రశ్నతో పాటు పెట్టిన సంతకం సీను రెండుసార్లు చదివాను. కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే మీ కథలో మంచి విలన్ ఉన్నాడు, ఇంకా బయటికి రాలేదు.

ముందు ఆ ఫ్లాష్‌బ్యాక్ సంగతి. తండ్రి చేతిలో దెబ్బలు తిన్న పిల్లలు లోకంలో కోకొల్లలు. వాళ్ళలో చాలామంది పెద్దయ్యాక ఎవరి ఇల్లూ లాక్కోరు. ఈ సంగతి పాఠకుడికి చెప్పకుండానే తెలుసు. అందుకే దెబ్బలు చూపించగానే "ఓహో, అందుకా" అనుకోడు. ఆ పిల్లాడి మీద జాలిపడతాడు, అంతే. ఆ జాలి కూడా ఆ పిల్లాడి దగ్గరే ఆగిపోతుంది, ఇప్పుడు కాగితాలు పట్టుకుని కూర్చున్న యాభై ఏళ్ళ మనిషి దాకా రాదు. ఇద్దరికీ మధ్య నలభై ఏళ్ళ ఖాళీ ఉంది. ఆ నలభై ఏళ్ళలో అతను తనకి తాను ఏం చెప్పుకుంటూ వచ్చాడన్నది మీరు రాయలేదు. చదివినవాళ్ళకి తక్కువైంది అదే.

నేను రాసినవాటిలో, చదివినవాటిలో నిలబడ్డ ప్రతి విలన్ మనసులోనూ ఒక బాకీ పుస్తకం ఉంటుంది. లోకం తనకి ఏదో ఇవ్వాల్సి ఉంది, ఇవ్వలేదు. ఇప్పుడు తను చేస్తున్నది వసూలు. ఈ లెక్క అతనికి ఎంత న్యాయంగా కనిపిస్తే అతను మనకి అంత భయంకరంగా కనిపిస్తాడు. దొంగని ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడేలా చెయ్యొచ్చు. బాకీ వసూలుకి వచ్చినవాడు సిగ్గుపడడు.

మీ బాబాయికి ఆ పుస్తకం నిజంగానే ఇవ్వండి, చేతిలో పట్టుకునే పుస్తకం. పిల్ల ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే అతను ఒక నోటుపుస్తకం కొన్నాడు. స్కూలు ఫీజు, బూట్లు, జ్వరం వచ్చినప్పటి మందులు, అన్నీ తేదీలతో సహా రాసుకున్నాడు. మొదట్లో అది నిజాయితీకోసమే. అన్న పోయాడు, పిల్ల డబ్బు తిన్నాడని రేపు ఎవరూ అనకూడదు. ఏ ఐదో ఏడో ఆరో ఏడో, అదే పుస్తకం బిల్లుగా మారిపోయింది. పేజీలు అవే, చేతిరాత అదే, కూడికలు మాత్రం కొత్తగా మొదలయ్యాయి. ఏ రోజు మారిందో అతనికి తెలియదు. మీకు మాత్రం తెలిసి తీరాలి. ఆ రోజుని నవలలో చూపించక్కర్లేదు, కానీ మీ నోట్సులో ఆ ఒక్క రోజు గురించి రెండు పేజీలు రాసుకోండి. బెల్టు దెబ్బల అధ్యాయం కంటే అవి మీకు ఎక్కువ పనికొస్తాయి.

ఇక అతను మాట్లాడే తీరు. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే విలన్ డైలాగు రాయడంలో నాకు అన్నిటికంటే ఎక్కువ సాయం చేసింది సాహిత్యం పుస్తకం కాదు. గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా అనే ఇద్దరు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు 1957లో ఒక వ్యాసం రాశారు. నేరాల్లో పడ్డ కుర్రాళ్ళ గురించి. ఆ కుర్రాళ్ళకి తప్పేదో ఒప్పేదో తెలుసు, అయితే ఆ తెలివిడి నోరు నొక్కేసే మాటలు కొన్ని వాళ్ళు నేర్చుకుంటారు అని వాళ్ళ వాదన. అలాంటి మాటల్ని ఐదు రకాలుగా విడదీశారు. శాస్త్రం పేర్లు పక్కన పెట్టి, ఆ ఐదింటినీ మీ బాబాయి నోట వింటే ఇలా ఉంటాయి.

"నా చేతుల్లో ఏముంది, పరిస్థితులు అలా వచ్చాయి."

"ఇప్పుడు దానికి వచ్చిన నష్టం ఏంటి? రేపు ఉద్యోగానికి ఎక్కడికో వెళ్ళిపోయేదే, ఆ పాత ఇల్లు ఏం చేసుకుంటుంది?"

"వాళ్ళ నాన్న నాకు చేసిందానికి ఇది ఏపాటి?"

"నన్ను అనేవాళ్ళలో ఒక్కడైనా ఆ పిల్లకి ఒక్కపూట అన్నం పెట్టాడా?"

"నాకోసం చేసుకుంటున్నానా? నా పిల్లలకోసం."

ఇవి చదువుతుంటే మనకి తెలిసిన గొంతులు వినిపిస్తాయి. ఒక్కోసారి మన గొంతే వినిపిస్తుంది. విలన్ నోట మనం ఎప్పుడో అన్న మాటే వస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రాక్షసుడి మాటకి అలా జరగదు. ఐదింటినీ ఒకే మనిషికి అంటగట్టకండి. ప్రతి మనిషికీ అలవాటుగా నాలుకమీదకి వచ్చే సాకు ఒకటి ఉంటుంది. మీ బాబాయిది నాలుగోది అనిపిస్తోంది, ఎందుకంటే అతను చేసిన మేలు నిజం, వేలెత్తి చూపేవాళ్ళు ఏమీ చెయ్యకపోవడం కూడా నిజం. కథ మొదట్లో "నా పిల్లలకోసం" అన్న మనిషి, ఆఖరికి "వాళ్ళ నాన్న నాకు చేసిందానికి" అనేదాకా వచ్చాడనుకోండి, పాత్ర ఎంత దూరం జారిందో మీరు విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ సంతకం సీను. మీరు రాసింది ఇదీ:

బాబాయి వికటంగా నవ్వాడు. "ఈ ఇల్లు ఇక నాది. మర్యాదగా సంతకం పెట్టు, లేకపోతే వీధిలో పడతావ్" అన్నాడు. అతని కళ్ళల్లో క్రూరత్వం తాండవించింది.

అదే సీను నేనైతే ఇలా మొదలుపెడతాను:

"కూర్చో తల్లీ," అంటూ బాబాయి టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. కాగితాలు ముందుకి జరిపాడు. సంతకం పెట్టాల్సిన చోట్లన్నీ పెన్సిల్‌తో సన్నటి చుక్కలు పెట్టి ఉన్నాయి, ఆమె వెతుక్కోకుండా.

"ఇవేంటి బాబాయ్?"

"ఇంటి కాగితాలు. పన్నులూ నోటీసులూ నీ పేరు మీద వస్తుంటే నీకెందుకమ్మా ఆ టెన్షన్, పరీక్షలు పెట్టుకుని."

ఆమె మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది. ఆయన అడ్డు చెప్పలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆమె రెండో పేజీ తిప్పుతుంటే మెల్లిగా అన్నాడు.

"చదువు, చదువు. చదవకుండా సంతకం పెట్టకూడదని నీకు నేర్పింది నేనేగా."

ఆమె చదవడం ఆపేసింది.

ఇందులో అతను ఒక్క బెదిరింపు మాట కూడా అనలేదు. తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అదీ ఇది. పెన్సిల్ చుక్కలు ఎందుకు పెట్టానంటే, అవి ఒకేసారి రెండు సంగతులు చెప్తాయి. ఒకటి, ఈ మనిషి ఆమె గురించి శ్రద్ధ తీసుకుంటాడు. రెండు, ఈ పని నిన్న రాత్రి ఒంటరిగా కూర్చుని, చెయ్యి వణక్కుండా సిద్ధం చేశాడు. పాఠకుడికి మొదటిది చదివినప్పుడు ముచ్చటేస్తుంది, రెండోది రెండు లైన్ల తర్వాత తడుతుంది. ఇక "నేర్పింది నేనేగా" అన్న మాట అబద్ధం కాదు. నిజంగానే అతను నేర్పాడు. ఆ నిజంతోనే ఆమె చేతులు కట్టేశాడు. ఇంకా చదివితే బాబాయిని అనుమానించినట్టు, ఆపేస్తే ఇల్లు పోయినట్టు. పదకొండేళ్ళ ప్రేమ అంతా ఆ క్షణంలో ఆమెకి ఎదురు తిరుగుతుంది.

గమనించండి, ఇక్కడ భయం పుడుతున్నది ఆమె లోపలి నుంచి. అతని కళ్ళ గురించి నేనేమీ రాయలేదు. కళ్ళల్లో క్రూరత్వం తాండవించిందని రాసిన ప్రతిసారీ పాఠకుడు చెయ్యాల్సిన పని మీరు చేసేస్తున్నారు.

విలన్ మాటల్లో కనీసం ఒక్కటి కథానాయిక జవాబు చెప్పలేనిది ఉండాలి. ఇది నేను గట్టిగా పట్టుబట్టే విషయం. మహాభారతంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన గుర్తు చేసుకోండి. కర్ణుడు అర్జునుడితో తలపడతానంటే, కృపాచార్యుడు నీ కులమేది, తల్లిదండ్రులెవరు అని అడుగుతాడు. అప్పుడు అడ్డుపడి, అక్కడికక్కడే కర్ణుడికి అంగరాజ్యం పట్టం కట్టింది దుర్యోధనుడు. ఆ తర్వాత భీముడు ఎగతాళి చేస్తే, శూరుల పుట్టుక, నదుల పుట్టుక తెలుసుకోవడం కష్టమని అన్నదీ అతనే. ఆ సభలో సరైన మాట మాట్లాడింది అతనే. అదే సమయంలో, అర్జునుడికి సరిజోడు దొరికాడని లోపల లెక్క వేసుకున్నదీ అతనే. ఔదార్యమూ నిజమే, లెక్కా నిజమే. ఒకటి ముసుగు, ఇంకొకటి అసలు ముఖం అనుకుంటే ఆ పాత్ర సగం చచ్చిపోతుంది. తొడలు విరిగి పడి ఉన్నప్పుడు కూడా అతను పశ్చాత్తాపపడడు. గదాయుద్ధ నియమం తప్పింది మీరు కాదా అని ఎదురు అడుగుతాడు, రాజుగా బతికాను, వీరుడిలా పోతున్నాను అంటాడు. అతని పక్షాన ఉండనివాళ్ళకి కూడా ఆ ప్రశ్న దగ్గర కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆ ఇబ్బందే మీకు కావాలి.

మీ కథలో అదెక్కడ పెట్టొచ్చు? నాకు తోచింది చెప్తాను, నచ్చకపోతే వదిలెయ్యండి. ఆ ఇల్లు కట్టినప్పుడు తమ్ముడి జీతం డబ్బు కూడా అందులో పడింది, రిజిస్ట్రేషన్ మాత్రం అన్న పేరు మీదే జరిగింది. అంటే ఆమె నాన్న, ఆమె దేవుడిలా తలుచుకునే నాన్న, తమ్ముడిని మోసం చేశాడు. ఇది ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పకండి. పన్నెండో అధ్యాయంలో ఆ అమ్మాయే పాత ఉత్తరాల కట్టలో చదివి తెలుసుకోవాలి, కోర్టుకి వెళ్దామని నిర్ణయించుకున్న మర్నాడే. ఇప్పుడు బాబాయిని ఎదిరించాలంటే ముందు నాన్న గురించి నిజం ఒప్పుకోవాలి. విలన్ ఆమె దారికి అడ్డంగా నిలబడ్డ గోడలా ఉన్నంతకాలం కథ చప్పగా ఉంటుంది. ఆమె చూడడానికి ఇష్టపడని చోటు వైపే అతను వేలు చూపిస్తే, అప్పుడు ఇద్దరి కథా ఒకటవుతుంది.

కారణం ఎప్పుడూ ఉండి తీరాలా అని మీలాగే చాలామంది అడుగుతారు. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకంలో విలన్ ఇయాగో ఉన్నాడు కదా, అతనికి గట్టి కారణం ఏది అంటారు. నిజమే, తనకి రావాల్సిన పదవి కేసియో అనే అతనికి ఇచ్చారంటాడు, భార్య మీద అనుమానమంటాడు, ఒక్కటీ ఆ విధ్వంసానికి సరిపోదు. చివర్లో ఎందుకు చేశావని అడిగితే ఇక నోరు విప్పనంటాడు. కానీ అతను ఎవరిని ఎక్కడ తాకితే ఎలా కూలతారో మనకి ముందే చెప్పి మరీ చేస్తాడు. కారణం దాచినా పద్ధతి దాచలేదు. ఇది చాలా కష్టమైన దారి. మొదటి నవలకి నేను సలహా ఇవ్వను.

పద్ధతి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీ బాబాయి గెలిచిన ప్రతిసారీ ఎలా గెలిచాడో పాఠకుడికి కనిపించాలి. మీ పద్నాలుగో అధ్యాయంలో లాయరు అకస్మాత్తుగా అతని వైపు తిరిగిపోతాడు, ఎందుకో తెలియదు. రచయిత చెయ్యి అడ్డం పెట్టినట్టుంది. విలన్‌కి అదృష్టం కలిసొస్తే పాఠకుడికి విసుగొస్తుంది. అతనికున్న ఓర్పు, మనుషుల్ని చదివే తెలివి, పదకొండేళ్ళుగా సంపాదించుకున్న మంచిపేరు, వీటితోనే గెలవాలి.

ఆ లాయరు, కాగితాలు రాసిపెట్టిన గుమస్తా, చూసీ చూడనట్టు ఊరుకున్న పిన్ని, వీళ్ళ గురించి కూడా ఆలోచించండి. మీరు వీళ్ళని డబ్బుకి అమ్ముడుపోయినవాళ్ళుగా రాశారు. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల గురించి వినే ఉంటారు. పక్క గదిలో ఉన్న మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు పెంచుతూ పోవాలి. నిజానికి షాకు లేదు, ఆ మనిషి నటిస్తున్నాడు, కానీ మీట నొక్కేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి మీట దాకా, 450 వోల్టుల దాకా వెళ్ళారు. నాకు ముఖ్యంగా అనిపించేది ఆ సంఖ్య కాదు, వాళ్ళు నొక్కిన తీరు. చాలామందికి చెమటలు పట్టాయి, వణికిపోయారు, ఆపేద్దామని అడిగారు. కోటు వేసుకున్న మనిషి కొనసాగించండి అని నిబ్బరంగా అన్నాడు, మళ్ళీ నొక్కారు. మీ పిన్నిని ఈ చెమటతో రాయండి. ఆమెకి లంచం అక్కర్లేదు. కాఫీ తెచ్చి, టేబుల్ మీద కాగితాలు చూసి, కప్పు పెట్టేటప్పుడు చెయ్యి కాస్త తడబడి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోతే చాలు. బాబాయి ఒక్కడే అయితే ఆ అమ్మాయి ఓడిపోదు. ఓడించేది ఆ మౌనం.

రూపం గురించి ఒక్క మాట. గాటు, మెల్లకన్ను, కుంటి కాలు, వీటిని దుర్మార్గానికి గుర్తులుగా వాడకండి. మీరు అతనికి కుంటి కాలు పెట్టారు, కథలో దానికి ఏ పనీ లేదు. అలాంటి కాలు ఉన్న పాఠకుడు మీ పుస్తకం తెరిచినప్పుడు ఏమనుకుంటాడో ఆలోచించండి. తీసెయ్యండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక పెద్ద ప్రమాదం వైపు కూడా తీసుకెళ్తుంది. విలన్‌ని లోపలి నుంచి రాయడం మొదలుపెడితే అతని మీద మోజు పుడుతుంది. నాకు అలా జరిగింది. నా రెండో నవలలో తన దగ్గర పనిచేసేవాళ్ళ జీతాలు ఎగ్గొట్టే యజమాని ఉంటాడు. అతని భయాలు, అతని నిద్రలేని రాత్రులు, అతని వాదన, అన్నీ ప్రేమగా రాశాను. డ్రాఫ్ట్ చదివిన ఒక పెద్దావిడ, వృత్తిరీత్యా నర్సు, ఒకే ప్రశ్న అడిగారు: "జీతం రాని ఆ ముసలాయన ఆ నెల ఎలా గడిపాడమ్మా?" నా దగ్గర జవాబు లేదు. రెండువందల పేజీల్లో ఆ ముసలాయనకి ఒక్క పేజీ కూడా ఇవ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలు కూర్చుని అతని అధ్యాయం రాశాను. విచిత్రం ఏమిటంటే, అది రాశాకే యజమాని పాత్ర నిజంగా భయపెట్టింది. అంతకుముందు అతను ఆసక్తికరంగా ఉన్నాడు, అంతే.

విలన్‌ని అర్థం చేసుకోవడం వేరు, అతనికి క్షమాపణ రాసివ్వడం వేరు. మీ బాబాయి ఎంత న్యాయంగా మాట్లాడినా, ఆ అమ్మాయి నాన్న ఇంట్లో తన చిన్ననాటి గది ఖాళీ చేస్తున్న రోజు ఒకటి ఉంటుంది కదా. గోడ మీద నాన్న ఆమె ఎత్తు కొలిచి గీసిన గీతలు ఉంటాయి, ఆఖరి గీత ఏడేళ్ళ దగ్గర ఆగిపోయి ఉంటుంది. గీతల్ని సంచిలో పెట్టుకుని తీసుకుపోలేదు. ఆ సీనుకి కనీసం సంతకం సీను కున్నంత చోటు ఇవ్వండి. అందులో బాబాయి లేకుండా చూసుకోండి.

చివరగా, మీరు పద్దెనిమిదో అధ్యాయంలో రాసిన పశ్చాత్తాపం. బాబాయి ఆస్పత్రి మంచం మీద ఏడుస్తూ క్షమించమంటాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పదకొండేళ్ళు లెక్కలు రాసిన మనిషి ఒక్క రాత్రిలో పుస్తకం చింపెయ్యడు. అతని పతనం అతని గుణంలోంచే రావాలి. ఆ గుణం ఏమిటో మీ దగ్గర ఉంది: అన్నీ రాసిపెట్టుకునే అలవాటు. ఆ పుస్తకం ఆ అమ్మాయి చేతికి వచ్చిందనుకోండి. అందులో ప్రతి పైసా ఉంది, ఆమె నాన్న బీమా డబ్బు ఎప్పుడు వచ్చిందో, ఏ తేదీన దేనికి ఖర్చయిందో కూడా అదే చేతిరాతలో ఉంది. తన నిజాయితీకి సాక్ష్యంగా మొదలుపెట్టిన పుస్తకమే కోర్టులో అతనికి ఎదురుసాక్ష్యం అవుతుంది. అప్పుడు కూడా అతను ఏడవకూడదు. న్యాయవాది అడిగితే, కళ్ళజోడు పెట్టుకుని, "ఫలానా పేజీలో కూడిక తప్పుంది, సరిచేస్తాను ఇవ్వండి" అని పెన్సిల్ కోసం జేబు తడుముకునే మనిషి అతను.

ముందు ఆ రెండు పేజీల నోట్సు రాయండి, పుస్తకం బిల్లుగా మారిన రోజుది. అతని గొంతులోనే రాయండి, "నేను" అంటూ. రాస్తున్నంతసేపూ మీకు అతనే సరైనవాడు అనిపించాలి. అనిపించకపోతే ఆపేసి ఇంకో రోజు మొదలుపెట్టండి. అది కుదిరాక సంతకం సీను మళ్ళీ రాసి ఇక్కడ పెట్టండి, తప్పకుండా చదువుతాను.